ఒగ్గుకథకు ఊ కొట్టాను

పిల్లలూ, మొన్న నల్లగండ్లలో మా ఇంటి దగ్గరి యూనివర్సిటీలో ఒగ్గుకథ మీద ఉపన్యాసం ఉందంటే వెళ్ళాను. ప్రొఫెసర్ మాట్లాడాక ముసలి కళాకారుడు మల్లయ్య కథ ఎత్తుకున్నాడు. వంత పలికే తమ్ముడికి జ్వరమట, ఒక్కడే వచ్చాడు. విద్యార్థులు బుద్ధిగా రాసుకుంటున్నారే గానీ ఎవరూ ఊ కొట్టడం లేదు. ఆయన గొంతు నీరసపడి కథ మధ్యలో ఆగిపోయింది. చిన్నప్పటి అలవాటు కొద్దీ నేను, "ఊఁ, ఇగ ఏమైంది?" అని గట్టిగా అనేశాను. హాలంతా నా వైపు తిరిగింది. సిగ్గుతో కొంగు మొహానికి అడ్డం పెట్టుకున్నాను.

"గిట్ల అడిగెటోళ్ళు లేకనే ఆగిన. జర ముందుకొచ్చి కూసో అక్కా," అన్నాడు మల్లయ్య.

వెళ్ళి కూర్చున్నాను. కాసేపటికి ప్రొఫెసర్‌తో సహా అందరూ ఊ కొడుతుంటే మల్లయ్య గంతులేస్తూ కథ చెప్పాడు. చివర్లో చప్పట్లు ఎవరైనా కొడతారు పిల్లలూ, కథను నడిపించేది మధ్యలో ఊ కొట్టేవాళ్ళే.