జల్‌పల్లి దాకా వచ్చిన మూట

మా మేనత్త పోయిందని బావ ఫోన్ చేసినప్పుడు నేను పనికి బయలుదేరుతూ గుమ్మంలో చెప్పులు వేసుకుంటున్నాను. "పొద్దుగాల చాయ్ తాగింది. గోడకు ఒరిగి కూసున్నది. అట్లనే పోయిందిరా," అన్నాడు. ఆ వెంటనే అడిగాడు, "అమ్మ మూట నీ తాననే ఉన్నదా?" అని. తలుపు పక్కన, ఆమె పెట్టిన చోటే ఉంది. ఉందన్నాను. ఆ మాట అన్నాకే ఏడుపొచ్చింది.

ఆ మూట సంగతి తెలియాలంటే మా అత్త సంగతి తెలియాలి. పురానాపూల్ దగ్గర ఆమెది తాళ్ల దుకాణం. లారీల మీద కప్పే తాటిపత్రీలు, సరుకు బిగించే మోకులు అమ్మేది. మామయ్య పోయాక ఇక దుకాణం ఎత్తేస్తుందని అందరూ అనుకున్నారు. కర్మలు కాగానే వెళ్లి షట్టర్ ఎత్తింది. కొత్త మోకు వస్తే రెండు చేతులతో మెలితిప్పి చెవి దగ్గర పెట్టుకునేది. ఏం వినిపిస్తుందత్తా అంటే, "దాని తిప్పలు," అనేది. లారీ సరుకుకైనా సంచి మూతికైనా ఆమె వేసే ముడి ఒకటే. ఎంత బరువు పడితే అంత బిగుస్తుంది, వదిలిపెట్టిన కొస పట్టి ఒక్కసారి గుంజితే విడిపోతుంది. "ముడి గట్టిగుండాలె, గని విప్పేటోన్ని ఏడిపియ్యొద్దు," అనేది.

ఒకసారి ఒక లారీ డ్రైవర్ తాటిపత్రి మడత పెట్టించుకుంటూ, కిందటిసారి కొన్నది నాగపట్నం రేవు దాకా పోయివచ్చిందనీ, అక్కడి నుంచి లంకకు ఓడ నడుస్తోందనీ చెప్పాడు. అతను వెళ్లాక అత్త, "నా తాటిపత్రీలు దేశమంత తిరిగినయ్. నేను కర్నూలు దాటలే," అంది. నవ్వులాటకు అందనుకున్నాను. ఆ ఆదివారం జల్‌పల్లిలో మా ఇంటికి వచ్చి, తనే నడుపుకుంటూ లంక దాకా పోవాలి, బండి నేర్పమంది.

అప్పట్లో మా కాలనీలో ఇళ్లకంటే ఖాళీ ప్లాట్లే ఎక్కువ. దుకాణం వ్యాన్‌ను ఆ మట్టి రోడ్ల మీద, హద్దురాళ్ల మధ్య తిప్పేది. ఎదురుగా పిల్లి కూడా లేకపోయినా హారన్ కొట్టేది. "ఎవలు లేరు గదత్తా," అంటే, "నేనొస్తున్నన్న సంగతి నాకు తెల్వాలె గదరా అల్లుడా," అనేది. పెళ్లయిన నాటి నుంచి మామయ్య స్కూటర్ వెనకో, బస్సు కిటికీ పక్కనో కూర్చున్న మనిషి. స్టీరింగ్ చేతికి వచ్చాక దిగమన్నా దిగేది కాదు.

మా ఇద్దరి ప్రయాణం ప్లాన్ దుకాణంలోనే వేశాం. ఫోన్‌లో మ్యాపు ఆమె కళ్లకు ఆనలేదు. నీలం తాటిపత్రి ఒకటి నేల మీద పరిచి, దాని మీద సన్నటి తాడు వేసింది. గడప హైదరాబాదు. రాత్రి ఆగే ఊరికల్లా తాడులో ఒక ముడి. కడప, పుదుచ్చేరి, నాగపట్నం. అక్కడ తాడు కోసేసి, జానెడు నీలం వదిలి, అవతల ఇంకో ముక్క పెట్టింది. అది లంక. మధ్యలో ఖాళీ మీద అరచెయ్యి పెట్టి, "ఈడ మన తాడు పన్జెయ్యది," అంది. కొనడానికి వచ్చినవాళ్లు తెలియక కడప మీద కాలు వేస్తే, "జర పక్కకు జరుగు భాయ్, మేం గాడ పండుకోవాలె," అనేది.

ఆ డ్రైవర్ మళ్లీ వచ్చినప్పుడు ఆ తాళ్లను చూసి ముచ్చటపడ్డాడు. తర్వాత మెల్లగా చెప్పాడు. "అమ్మా, ఆ జహాజ్‌ల మనుషులే పోతరు. గాడీ పోదు. గాడీ పంపాల్నంటే సరుకు జహాజ్ వేరే ఉంటది. పెద్ద డబ్బాల పెట్టి పంపాలె."

"డబ్బాల పెట్టి పంపనీకి అదేమన్న పప్పు బస్తానా?" అంది అత్త. "ఓడ ఎక్కేటప్పుడు నేనే నడపాలె, దిగేటప్పుడు నేనే నడపాలె. లేకుంటే బస్సుల పోయినట్టే గదా."

ఆ పట్టుదలే మా ఏళ్లన్నీ తినేసింది. బండికి కూడా పాస్‌పోర్టులాంటి కాగితం ఒకటి కావాలని తెలిసింది. బండి తూత్తుకుడి నుంచి ఒక ఓడలో, మేము నాగపట్నం నుంచి ఇంకో ఓడలో వెళ్లాలట. ఆమె ససేమిరా అంది. వచ్చే ఏడు బండ్లు ఎక్కే ఓడ వస్తుందని ఎవరో అన్నారు. ఎవరన్నారో ఇప్పుడు గుర్తు కూడా లేదు. ఆ మాట పట్టుకుని కూర్చున్నాం. ఈలోపు ఆమె పాస్‌పోర్టు వచ్చింది. విచారణకు వచ్చిన పోలీసాయన, ఈ వయసులో మీకు లంకలో ఏం పని అని అడిగితే, "పని ఉంటే పోతరా సారూ? పని లేకనే పోతున్న," అని చాయ్ చేతికిచ్చింది. అప్పటికి ఆమె మోకాళ్లు బాగున్నాయి. అప్పుడే వెళ్లవలసింది.

ఒక రోజు దుకాణం మెట్టు ఎక్కుతూ షట్టర్ పట్టుకుని ఆగిపోయింది. లోపలికి వచ్చి కూర్చున్నాక, "బండి నాగపట్నంలనే పెడదాంరా. మనం ఓడెక్కుదాం," అంది. అంత మొండి మనిషి అంత తేలిగ్గా ఎలా దిగివచ్చిందో అర్థం కాక ఆమె వైపు చూశాను. "బండైతే ఎదురు చూస్తది. మోకాళ్లు చూడయి," అంది.

మా ఇళ్లలో దూరప్రయాణానికి ప్రస్థానం పెట్టే ఆచారం ఉంది. మంచి ఘడియ ఒక రోజు, బయలుదేరడం ఇంకో రోజు అయితే, ఆ ఘడియకు మూట ఒకటి కట్టి, వెళ్లే దిక్కున ఉన్న ఎవరి ఇంట్లోనో పెడతారు. ఇక ప్రయాణం మొదలైనట్టే. మూటను మళ్లీ ఇంటికి తేకూడదు, అక్కడి నుంచే ముందుకు తీసుకుపోవాలి. లంక దక్షిణాన ఉంది. ఆమె ఇంటికి దక్షిణాన ఉన్న చుట్టాలం మేమే. మా కాలనీ రోడ్లు దాటి తను ఎన్నడూ నడపని వ్యాన్‌ను ఆ రోజు అంత ట్రాఫిక్‌లోనూ తనే నడుపుకుంటూ జల్‌పల్లి వచ్చింది. మా సందు మొదట్లోనే హారన్ వినిపించింది. తాటిపత్రి ముక్కతో కుట్టిన సంచే ఆమె మూట. లోపల రెండు చీరలు, పసుపుకొమ్ము, వక్క. మూతికి కట్టిన తాడును నేను గుర్తుపట్టాను. దుకాణంలో నేల మీద లంక అని పెట్టిన ముక్క అది.

మేము బయలుదేరే ముందు రోజు, సముద్రం బాగాలేక ఓడ ఆపేశారని తెలిసింది. పంతులుగారు ప్రస్థానం గడువు తీరిపోయిందని, మళ్లీ పెట్టాలని అన్నారు. "మూటకు పంచాంగం తెల్వదు పంతులూ. కదిలిందంటే కదిలింది," అంది అత్త. ఆ తర్వాత వానలు, వానల తర్వాత ఆమెకు ఆయాసం. చలి తగ్గనీ అన్నాడు డాక్టరు. మా ఇంటికి వచ్చినప్పుడల్లా లోపలికి రాకముందే వంగి మూటను తట్టేది. "ఫికర్ చెయ్యకు, వస్తున్న," అనేది దానితో. చలి తగ్గింది. ఓడలు మళ్లీ తిరుగుతున్నాయి. ఆమె లేదు.

కర్మలు అయ్యాక బావ వచ్చాడు, ఆ చీరలు ఎవరికైనా ఇద్దామని. మూట పక్కన నేల మీద కూర్చుని తాడు కొస చేతిలోకి తీసుకున్నాడు.

"ఇంటికైతే తీస్కపోవద్దు గదరా?"

"తీస్కపోవద్దు బావా."

"మరి ఈడనే విప్పాల్నా?"

నేను చాయ్ తెస్తానని లేచాను. ఆయన కొస వదిలేసి, చాయ్ తాగి వెళ్లిపోయాడు.

మనిషి అంత దూరం అనుకుని ఇంత దూరమే రావడం నాకు మింగుడుపడటం లేదు. మా ఆవిడ రోజూ గుమ్మం ఊడుస్తూ మూటను కదపకుండా దాని చుట్టూ చీపురు తిప్పుతుంది. తలుపు తీస్తే గాలికి ఆ తాడు కొస కొంచెం ఊగుతుంది. ఒక్క గుంజుడుకు విడిపోయే ముడి.