గ్రేటింగ్ డబ్బా మీది బొట్టు

తెలంగాణ రాష్ట్రం రావడానికి కొన్నేళ్ల ముందు నేను హైదరాబాద్‌లోని ఒక ప్రయోగశాలలో లేజర్ తయారుచేస్తుండేవాణ్ణి. రంగు కావలసినట్టు మార్చుకోగల లేజర్. దాని మెరుపు ఎంత తక్కువసేపు ఉంటుందంటే, దాన్ని నేరుగా బలం పెంచే ఆంప్లిఫయర్‌లోకి పంపితే లోపలి గాజు కాలిపోతుంది. అందుకే ముందు సాగదీసి, బలం పెంచి, చివర్లో గ్రేటింగ్ అనే సన్నగీతల అద్దంతో మళ్లీ కుదించాలి. ఆ అద్దాన్ని తాకకూడదు, తుడవకూడదు.

దానికి చట్రం చేయించడానికి మా ఊరు మంచిర్యాలలో తెలిసిన లేత్ మెకానిక్ ఉన్నాడని, దసరాకు ఇంటికొస్తూ అద్దాన్ని డబ్బాలో పెట్టి వెంట తెచ్చాను. బొగ్గుగనిలో పనిచేసి రిటైరైన మా బాపు పండుగనాడు తన పాత పారకు, రెంచీలకు బొట్టు పెడుతూ నా డబ్బా మూతకూ పెట్టాడు.

"బాపూ, కుంకుమ రవ్వంత పడ్డా కాలిపోతది."

"బొట్టుకే కాలిపోయేదాన్ని ఏడాది సంది చేస్తున్నవా?"

పక్క క్వార్టర్ కాక నవ్వాడు. "గనిల పెడితె ఒక్క షిఫ్టు ఆగదు."

కాక ఎదుటే బాపుకు మూఢనమ్మకాల మీద ఉపన్యాసం ఇచ్చాను. బాపు మూతను తువ్వాలతో తుడిచాడు. తర్వాత నేనే కిటికీ దగ్గర డబ్బా తెరిచి, ఎండలో అద్దం గోడ మీద వేసే రంగులు కాకకు చూపించాను.

ప్రయోగశాలలో పూర్తి బలం పెట్టిన రోజు గ్రేటింగ్ కాలిపోయింది. ఏడాది పని ఆగింది. కోపం కూడా రాలేదు. ఇంటికి ఫోన్ చేసి, "నీ బొట్టే కాల్చింది" అన్నాను.

"గట్లనా," అన్నాడు బాపు.

మర్నాడు మైక్రోస్కోపు కింద చూశాను. కాలిన మచ్చ చుట్టూ కాలని రేణువులు ఉన్నాయి. ఒక్కటీ ఎర్రగా లేదు. అన్నీ నల్లనివే, మా కిటికీ గట్టు మీద అమ్మ రోజూ తుడిచే బొగ్గుదుమ్ములాంటివే. రుజువు లేనిదే నమ్మొద్దని ఎన్నో సభల్లో వాదించినవాణ్ణి. చూడకముందే ఫోన్ చేశాను. చూశాక చేయలేదు.

మరుసటి దసరాకు పార, రెంచీలు బొట్టు లేకుండా మూలన ఉన్నాయి. బాపు ఆ అలవాటు మానాలని ఏళ్లుగా వాదించింది నేనే.

"బాపూ, పోయినేడు కాలింది నీ కుంకుమతోని కాదు. బొగ్గుదుమ్ముతోని. కిటికీకాడ నేనే తెరిచిన."

"ఎప్పుడు ఎర్కయింది?"

"ఫోన్ చేసిన మర్నాడే."

కుంకుమ భరిణె బాపుకు అందేంత దూరంలోనే ఉంది. దాన్ని ముట్టలేదు. లేచి కిటికీ మూసి వచ్చాడు.

"పా, అన్నం తిందాం," అన్నాడు.

తిన్నాం.