మరిడమ్మ తోమిన కేసెట్టు

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో నర్సీపట్నంలో ఎవరింట్లోనైనా వీడియో గేమ్ కేసెట్టు మొరాయిస్తే పెదబొడ్డేపల్లిలో మరిడమ్మ ఇల్లెక్కడని అడిగేవారు. అడిగి వచ్చినవాళ్ళు అక్కడి వరండా చూసి, దారి తప్పామేమోనని తటపటాయించేవారు. ఎందుకంటే అక్కడ అరవై దాటిన ఒక ముసలావిడ మోకాళ్ళ నొప్పులతో కాళ్ళు బారజాపుకుని కూర్చుని ఉండేది. ఆ కాళ్ళ మీద ఒక పసిపిల్ల నిద్రపోతూ ఉండేది. పక్కన కోడలు శ్రీదుర్గ. ఇద్దరి మధ్యా దూది, స్పిరిట్ సీసా, పెన్సిల్ రబ్బరు, చిన్న స్క్రూడ్రైవరు. కోడలు మరలు విప్పితే అత్త తుడిచేది. చేతుల కన్నా నోళ్ళు ఎక్కువ పనిచేసేవి. నాతవరం నుంచి షేర్ ఆటోలో వచ్చినవాళ్ళు కేసెట్టు బాగయ్యాక కూడా ఆ కబుర్లు వింటూ కూర్చుండిపోయి ఆఖరి ఆటో పోగొట్టుకునేవారు. ఊరికే చేయించుకోవడం ఇష్టంలేక ఒకరు జీడిపిక్కలు తెచ్చేవారు, ఒకరు బెల్లం తెచ్చేవారు. ఏటికొప్పాక ఆయనొకడు లక్క పిడత తెచ్చి పసిదాని చేతికిచ్చాడు.

అత్తాకోడళ్ళంటే అలా ఉండాలని వీధిలో చెప్పుకునేవారు. చెప్పుకునేవాళ్ళకేం పోయింది! అంతకు ముందు ఈ ఇద్దరూ ఒకే కప్పు కింద ఏడాదికి పైగా మాటాపలుకూ లేకుండా బతికారని వాళ్ళకేం తెలుసు?

మరిడమ్మది పాయకరావుపేట అవతల పెంటకోట. మొగుడు పడవ మీద వేటకెళ్ళేవాడు, ఆమె గంప నెత్తిన పెట్టుకుని చేపలమ్మేది. మొగుడు పోయాక కూడా గంప దించలేదు. బేరం తెగనివాళ్ళని ఆమె తిట్టే తిట్లు వినడానికే కొందరు బేరమాడేవారట. ఆ తిట్లలో కోపం ఉండేది కాదు. చేపకి ఉప్పు ఎలాగో, ఆమె మాటకి తిట్టు అలాగ. మోకాళ్ళు అరిగిపోయి ఇక నడవలేననుకున్నాక, లారీ డ్రైవరుగా నర్సీపట్నంలో స్థిరపడిన కొడుకు పరదేశి వచ్చి ఆమెని తీసుకొచ్చేశాడు. సముద్రం హోరులో పుట్టి పెరిగిన మనిషికి ఆ మేడ మీద రెండు గదుల వాటా చెవుల్లో దూది పెట్టుకున్నట్టు ఉండేది. మాట్లాడటానికి మనిషి కావాలి. ఇంట్లో ఉన్న మనిషి శ్రీదుర్గ.

శ్రీదుర్గ నాతవరం పిల్ల. తాండవ కాలవ కింద వరి పండించే ఇల్లు. పొదుపుగా మాట్లాడే మనిషి. అత్త వాగుడుకి మొదట్లో నవ్వుకునేది. కష్టం ఎండుచేపల దగ్గర వచ్చింది. మరిడమ్మ ఊరినుంచి నెత్తళ్ళు తెప్పించి డాబా మీద ఆరబోసింది. ఒక మధ్యాహ్నం కోడలు డాబా ఎక్కి, ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని, చేటెడు చేపలూ వీధి కాలవలో పారబోసింది. ఎందుకు పోశావంటే జవాబు చెప్పలేదు. మరిడమ్మకి చేప అంటే అన్నమూ, మొగుడూ, బతుకూ. ఆమె నోరు విప్పింది. "గంగమ్మ తల్లి పెట్టిన కూడు కాలవ పాలు సేస్తావా, నీ కడుపు కాల!" అని మొదలెట్టి, పెంటకోట సంతలో ఉన్న తిట్లన్నీ వల్లించింది.

ఆ తర్వాత కొన్నాళ్ళకి శ్రీదుర్గ జ్వరమొచ్చిందని పుట్టింటికి వెళ్ళింది. తిరిగొచ్చాక అత్తతో మాట్లాడటం మానేసింది. చెప్పవలసింది ఏదైనా ఉంటే గోడకి చెప్పేది. "బియ్యం ఉడికేయి, తినేవోళ్ళుంటే తినొచ్చు." మరిడమ్మ కూడా పంతానికి గోడకే జవాబిచ్చేది. "ఆకలున్నోళ్ళు తింటారు." తిట్లు తిన్న మనిషి అన్నాళ్ళు బిగదీసుకోవడం ఆమెకి అంతుబట్టలేదు. ఆమె లోకంలో పొద్దున తిట్టుకున్నవాళ్ళు సాయంత్రానికి ఒకే చుట్ట పంచుకునేవారు.

అలా ఉండగా పరదేశి వైజాగ్‌లో ఎవరి దగ్గరో పాత వీడియో గేమ్ కొనుక్కొచ్చాడు. టీవీకి తగిలించే ఒక పెట్టె, రెండు రిమోట్లు, ఒక కేసెట్టు. కేసెట్టులో ట్యాంకుల ఆట. ఇటుక గోడల మధ్య ఒక గద్ద బొమ్మ ఉంటుంది. శత్రువుల ట్యాంకులు వచ్చి దాన్ని కాల్చకుండా మన ట్యాంకులు కాపలా కాయాలి. పరదేశి ఆడినన్నాళ్ళు ఆడి లోడెత్తుకుని వెళ్ళిపోయాడు. మధ్యాహ్నాలు శ్రీదుర్గ ఒక్కతే ఆడుకునేది. మరిడమ్మ గుమ్మంలో కూర్చుని, చూడనట్టుగా చూసేది.

ఒకరోజు కోడలి ట్యాంకు ముందుకెళ్ళిపోతోంది, వెనకనించి మరొకటి గద్ద మీదికి వస్తోంది. మరిడమ్మ ఇంక ఆగలేకపోయింది.

"ఎనకాల! ఎనకాల సూడే!"

శ్రీదుర్గ గబుక్కున తిప్పి కాల్చింది. గద్ద బతికింది. ఇద్దరూ ఏమీ ఎరగనట్టు ఊరుకున్నారు. కానీ మర్నాడు మధ్యాహ్నం గుమ్మం దగ్గరి చాప మీద రెండో రిమోటు పెట్టి ఉంది.

మరిడమ్మ ఆట అధ్వాన్నం. శత్రువుల్ని వదిలేసి సొంత గోడలు కాల్చేసేది. "బతుకంతా గద్దల్ని అదిలించినదాన్నే, గంపలో సేపలెత్తుకుపోయేవి. ఇప్పుడు ఈటికి కాపలా కాయాలంటే సెయ్యి ఒప్పుద్దా?" అనేది. "అటు కాదత్తా, ఇటు! బేగి రా!" అని కోడలు అరిచేది. అత్తా అన్న పిలుపు విని మరిడమ్మకి ప్రాణం లేచొచ్చేది. అయితే టీవీ కట్టేశాక మళ్ళీ గోడే. ఆటలో ఉన్నంతసేపే మాట. ఆ ముసలిది రోజంతా ఆ మధ్యాహ్నం కోసమే కాచుకుని ఉండేది. సంగతి కోడలికి తెలియకుండా ఉండటానికి మాత్రం నానా అవస్థా పడేది.

వానలు పట్టాక కేసెట్టు పాడైంది. పెడితే తెర మీద గీతలు, లేకపోతే నల్లగా ఏమీ లేదు. అందరూ చేసేదే వాళ్ళూ చేశారు, తీసి నోటితో ఊదారు. మరిడమ్మ కట్టెల పొయ్యి ఊదినట్టు బుగ్గలు పొంగించి ఊదేది. ఒకసారి వచ్చేది, రెండోసారి రాదు. చివరికి ఎంత ఊదినా రాలేదు. ఆ మధ్యాహ్నం శ్రీదుర్గ రిమోట్లు రెండూ చుట్టి బీరువా మీద పడేసి, గోడతో కూడా ఏమీ అనకుండా పడుకుంది. ఇంక ఈ ఇంట్లో తనని పిలిచేవాళ్ళుండరు అనుకుంది మరిడమ్మ.

శుక్రవారం కోడలు బజారుకెళ్ళినప్పుడు ఆమె కేసెట్టు తీసి, దాని నోరు వెలుతురుకి పెట్టి చూసింది. లోపల ఇత్తడి రంగు రేకులు వరసగా ఉన్నాయి, నల్లబడి. పూజ కుందులు ఎలా నల్లబడతాయో అలాగే. ఓసి ఇంతేనా అనుకుంది. ఆ పూట కుందులు తోమడానికి నానబెట్టిన చింతపండే కాస్త తీసి ఉప్పు కలిపింది. చీపురుపుల్లకి గుడ్డ చుట్టి, దాంతో రేకుల్ని ఒకటొకటీ తోమింది. బంగారంలా మెరిశాయి. కుందులైతే వెంటనే నీళ్ళతో కడిగి, పొడిగుడ్డతో తుడిచేది. కానీ ఇది కరెంటుది. కరెంటు సామాన్లకి నీళ్ళు తగిలితే ప్రాణం పోతుందని కొడుకు, ఆమె ఈ ఇంట్లో కాలుపెట్టిన రోజునే బోధించాడు. అందుకని కడగలేదు. అలాగే పెట్టేసి, దేవుడికి దణ్ణం పెట్టుకుంది.

మర్నాడు చూస్తే రేకుల నిండా ఆకుపచ్చగా చిలుము. కోడలు చూస్తే ఏమనుకుంటుంది? ఎండుచేపల కసి ఇలా తీర్చుకుందనుకోదూ? దాచేద్దామని కొంగుచాటున పెట్టుకుని లేచేసరికి శ్రీదుర్గ ఎదురుగా నిలబడి ఉంది. చింతపండు వాసన దాగుతుందా? సంతలో పదిమందిని ఒక్క నోటితో నెగ్గిన మనిషి ఆ పూట కొంగుచాటునుంచి కేసెట్టు తీసి కోడలి ముందు పెట్టింది.

"నేనే," అంది. "కుందులు తోమినట్టు తోమీసేను. బాగుపడతాదని. కావాలని సెయ్యలేదే దుర్గా, ఒట్టు."

శ్రీదుర్గ కేసెట్టు తీసుకుని అటూ ఇటూ తిప్పింది. టీవీ ఆగి ఉంది. గోడ వైపు చూడలేదు.

"తోమి కడగలేదా అత్తా?"

"కరెంటుది గదా. సస్తానేమోనని బయమేసింది."

శ్రీదుర్గకి నవ్వాగలేదు. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంది. "తోమినోళ్ళు కడక్కుండా ఒగ్గెత్తే ఇత్తడైనా సిలుమెక్కుద్ది గదా! తీగకి తగిలించినప్పుడే కరెంటు, ఇప్పుడు ఇది ఉత్త డబ్బా. పట్టు, ముందు కడుగుదాం."

మరలు విప్పితే అంత డబ్బాలోనూ అరచేతిలో సగం కూడా లేని పలక ఒకటి ఉంది. "పీత డిప్పలో కండలాగుంది," అంది మరిడమ్మ. నీళ్ళతో కడిగి, తుడిచి, ఫ్యాను కింద ఆరబెట్టారు. శ్రీదుర్గ అబీద్ సెంటర్లో వీడియో గేమ్ కొట్టు నడిపే బుజ్జిబాబుని అడిగొచ్చింది. స్పిరిట్‌తో తుడవమని, మిగిలిన చిలుముని పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్దమని చెప్పాడతను. నోటితో ఊదొద్దనీ, ఆ తడికే ఇవి పాడవుతున్నాయనీ కూడా చెప్పాడు. రుద్దే పని మరిడమ్మ తీసుకుంది. చేప పొలుసు తీసిన వేళ్ళు, ఎక్కడ గట్టిగా రుద్దాలో ఎక్కడ వదలాలో వాటికే తెలిసింది.

పెట్టి మీట నొక్కగానే పాట వచ్చింది. తెర మీద ట్యాంకులు నిలబడ్డాయి. ఇద్దరూ చాప మీద రిమోట్లు పట్టుకుని కూర్చున్నారు. శ్రీదుర్గ మీట నొక్కలేదు.

"అత్తా, ఆ సేపలు నేనెందుకు పారబోసేనో తెలుసా?"

"వాసన పడలేదు గదా."

"మూడో నెల నాకు. ఎవలికీ సెప్పలేదు. నిలబడ్డాక నీకే ముందు సెప్దామనుకున్నాను. ఆ వాసనకి కడుపులో తిప్పేసి పారబోసీసేను. నువ్వు నా కడుపు కాలా అన్నావు. పది దినాలకి పోనాది."

మరిడమ్మ చేతిలోని రిమోటు చాప మీదికి జారింది. రోజూ అందరినీ అనే మాట. పిల్లినీ కాకినీ కూడా అనే మాట. ఆమె తన నోటి మీద తనే కొట్టుకోబోతే శ్రీదుర్గ చెయ్యి పట్టుకుంది.

"నీ మాటకి పోలేదత్తా. డాక్టరమ్మ సెప్పింది, కొన్ని నిలబడవని. అప్పుడు మాత్రం నీ వల్లే అనిపించింది. ఇప్పుడు అనిపించట్లేదు. అందుకే సెప్తన్నాను."

మరిడమ్మ చాలాసేపు ఏడ్చింది. తర్వాత కోడలి తల ఒళ్ళోకి లాక్కుంది. "నాకూ ఇద్దరు పోనారే," అంది. "ఒకడైతే నవ్వడం కూడా నేర్సేడు. మూడోవోడైనా దక్కాలని, మనోడు కాడన్నట్టు ఆడికి పరదేశని పేరెట్టేం. ఇది ఇన్నాళ్ళూ ఎవలికీ సెప్పలేదు." సెప్పు అంది కోడలు. ఆమె చెప్పడం మొదలెట్టింది. ఆ నవ్విన పిల్లాడి గురించి, వాడి వెంట్రుకల రంగు గురించి కూడా చెప్పింది. టీవీలో అదే పాట తిరిగి తిరిగి మోగుతూనే ఉంది.

సాయంత్రం, చెప్పే వంతు కోడలిది అయ్యాక, పరదేశి లోడు దింపుకుని ఇంటికొచ్చాడు. గుమ్మంలో నిలబడి తెర వైపు చూశాడు.

"ఏటి, ఎవలు గెలుత్తన్నారు?"

మరిడమ్మ తల తిప్పలేదు. "ఆటా నేదు ఏటీ నేదు. సంచక్కడెట్టి నోర్మూసుకు కూకో. పిల్ల మాటాడతంది."

పరదేశి సంచి దించి, వెళ్ళి టీవీ కట్టేశాడు. ఆ సంగతి వాళ్ళిద్దరిలో ఎవరూ గమనించలేదు.