ఏడో ఎక్కం అప్పజెప్పిన రోజు

పొద్దున బజారులో పూసల పలక కనబడింది. తీగ మీద పూసలు జరిపి చూశాను. మీకు గుర్తుందా, ఆ టకటక చప్పుడు? నాకైతే మూడో తరగతి గుర్తొచ్చింది.

హైదరాబాద్‌లో ఎటు చూసినా బిల్డింగులు లేస్తున్న రోజులవి. నాన్న అక్కడ సెంట్రింగ్ పనికి పోతే, అమ్మా నేనూ బీదర్‌లో మేనమామ ఇంట్లో ఉన్నాం. అప్పటిదాకా తెలుగులో చదివిన నన్ను కన్నడ బడిలో మూడో తరగతిలో వేశారు. ఎక్కాలన్నీ వచ్చు, కానీ కన్నడంలో చెప్పమంటే మాటలు దొరికేవి కావు.

"రేపు ఏడో ఎక్కం చెప్పకపోతే రెండో తరగతిలో కూర్చోబెడతా" అన్నారు టీచరమ్మ కన్నడంలో.

మర్నాడు కడుపునొప్పని ఏడ్చాను. అమ్మ చెయ్యి పట్టుకుని బడికి తీసుకుపోయింది.

"టీచరమ్మా, మా పిల్లకు లెక్కలొస్తయి. మీ బాసనే వస్తలేదు" అంది గుమ్మంలో నిలబడి.

టీచరమ్మ బోర్డు మీద ఏడు ఇంటూ తొమ్మిది అని రాసి, సుద్దముక్క నా చేతికిచ్చారు. అరవై మూడు వేశాను.

"దీన్ని తెలుగుల ఎట్లంటరు?" వచ్చీరాని తెలుగులో అడిగారు.

"ఏడు తొమ్మిదుల అరవై మూడు" అన్నాను, నాకే వినబడనంత మెల్లగా.

ఆమె అనబోయి 'తొమ్మిదుల' దగ్గర తడబడ్డారు. క్లాసంతా నవ్వింది. ఆమె కూడా నవ్వేసి, "నాకు వస్తలేదు బిడ్డా, జర గట్టిగ చెప్పు" అన్నారు.

ఏడో ఎక్కమంతా తెలుగులోనే అప్పజెప్పాను. ఆ బడిలో నేను మొదటిసారి గట్టిగా మాట్లాడింది అప్పుడే.