వియన్నా నుంచి గంటన్నర

మొన్న ఆదివారం అమెరికాలో, మా చాండ్లర్ ఇంట్లో భోజనాల బల్ల దగ్గర లాప్‌టాప్ ముందేసుకుని, యూరప్ ప్రయాణానికి టికెట్లు వెతుకుతున్న మా అమ్మాయి, "డాడీ, వియన్నా టు ఫ్రాంక్‌ఫర్ట్ జస్ట్ గంటన్నర ఫ్లైట్! సిక్స్ హండ్రెడ్ కిలోమీటర్సే. సో క్లోజ్ కదా?" అంది. అవునమ్మా అని లేచి, ఎవరూ అడక్కపోయినా గిన్నెలు కడగడం మొదలుపెట్టాను. ఆ దూరం నాకు బాగా తెలుసు.

మా అక్క పెళ్లయ్యాక బావగారి ఉద్యోగం వల్ల వియన్నాలో స్థిరపడింది. నేనిక్కడ హెచ్-వన్ ఉద్యోగ వీసా మీద, కదిలితే ఏమవుతుందో అని బిక్కుబిక్కుమంటూ బతుకుతున్న రోజులవి. ఆరేళ్లు అక్కను చూడలేదు. చివరికి పాస్‌పోర్టులో వీసా స్టాంపింగ్ కోసం ఇండియా వెళ్లి తిరిగొచ్చేటప్పుడు ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఏడు గంటలు ఆగాల్సి వచ్చింది. ఆ మాట చెవిన పడగానే అక్క, గంటన్నరే కదా, నేనే వచ్చి చూస్తాను, నీతో ఎదురుగా చెప్పాల్సిన మాట ఒకటుంది అంది.

మీలో ఆ రోజులు గడిపినవారికి చెప్పనక్కర్లేదు, వీసాల విషయంలో మనలో ప్రతివాడూ సగం లాయరే. అమెరికా రూల్స్ నిద్రలో లేపి అడిగినా చెప్పేవాణ్ని. అంతటి మేధావికీ, ఒకే విమానాశ్రయంలో దిగినా యూరప్ లోపలే ప్రయాణించే తనది ఒక పక్క, బయటినుంచి వచ్చే నాది మరో పక్క అనీ, మధ్యలో పాస్‌పోర్టులు చూసే అధికారులు కూర్చుంటారనీ, యూరప్ వీసా లేకుండా నేను అటు వెళ్లలేననీ తట్టలేదు. తనకూ తట్టలేదు.

"ఒరేయ్, ఇక్కడిదాకానే రానిచ్చారురా. నువ్వే ఇవతలికి రా," అంది అక్క, ఆ రోజు అక్కడ దిగాక ఫోన్‌లో. అధికారిని బతిమాలాను. ఆయన మర్యాదగానే తల అడ్డంగా ఊపాడు. ఇక ఒకే కప్పు కింద చెరో పక్క కూర్చుని, తను తిరిగి విమానం ఎక్కేదాకా ఫోన్‌లోనే మాట్లాడుకున్నాం. నాకోసం తెచ్చిన పూరీలు, కాకరకాయ వేపుడు నన్నే తినేయమంటావా అని కసిరింది. కిటికీలోంచి ఎర్ర తోక విమానం కనిపిస్తోందా అని అడిగింది. నాకూ కనిపించింది. అది కదిలిపోయేదాకా ఇద్దరం దాన్నే చూశాం. చెప్పాలన్న మాట ఏమిటని నేను రెండుసార్లు అడిగితే, ఫోన్‌లో కాదులేరా, ఈసారి కలిసినప్పుడు చెబుతానంది.

మూడు వారాల తర్వాత బావగారు చెప్పారు, అక్కకు క్యాన్సర్ అనీ, అప్పటికే ముదిరిపోయిందనీ. వెంటనే వీసాకి అప్లై చేశాను. ఇంటర్వ్యూ తేదీకి నాలుగు రోజుల ముందే అక్క పోయింది. ముందే కనుక్కుని ఉంటే ఆ వీసా తీసుకునే బయల్దేరేవాణ్ని కదా అని, ఇప్పటికీ నన్ను నేను తిట్టుకోని రోజు లేదు.

ఇప్పుడు నాది అమెరికా పాస్‌పోర్టు. ఈ తరం పిల్లలకు అలాంటి తలుపులున్నాయనే తెలియదు, సంతోషమే. నిరుడు మళ్లీ ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఆగినప్పుడు, అక్కడి అధికారి నా ముఖమైనా సరిగా చూడకుండా ముద్ర వేసి పంపేశాడు. అంత సులువుగా అవతలికి వెళ్లి, వరసగా ఉన్న బెంచీల్లో అక్క ఆ రోజు ఏ బెంచీ మీద కూర్చుందో అడగడానికైనా ఎవరూ లేక, కాసేపు నిలబడి తిరిగి వచ్చేశాను.