ధాన్యం మీద చేపలు

ధాన్యం కమిషన్ వ్యాపారం చేసేవాళ్ళకి ఒక జబ్బు ఉంటుంది. రోడ్డు మీద ఎక్కడ ధాన్యం ఆరబోసి ఉన్నా కళ్ళు అటే పోతాయి. గింజ రంగు ఎలా ఉంది, లోపల బియ్యం లేని తాలు ఎంత ఉంది, ఇంకా ఎంత ఎండ తగలాలి అని దారిన పోతూనే అంచనా కట్టేస్తాం. మండపేటలో మా నాన్నగారు సైకిలు మీద వెళుతూ ఇలాగే చూసేవారు. అలా చూస్తూ ఒకసారి సైకిలుతో సహా పంట కాలవలోకి దిగిపోయారు. మా ఇంట్లో చాలాకాలం అదొక నవ్వులాట. కానీ ఆయన సైకిలు మీద ఉన్నారు, తడిసింది ఆయనొక్కరే. నేను కారులో ఉన్నాను.

ఎండాకాలం, దాళ్వా పంట కోతల రోజులు. పిఠాపురం అమ్మవారి దర్శనం చేసుకుందామని మా ఆవిడ ఎన్నాళ్ళుగానో అంటుంటే, ఆ ఉదయం బయలుదేరాం. ఆవిడ పట్టుచీర కట్టుకుంది. నేను పెద్ద రోడ్డు వదిలేసి కాలవ గట్టు రోడ్డు పట్టుకున్నాను. నీడగా ఉంటుందని ఆవిడతో అన్నాను గానీ, ఆ రోడ్డు మీద ఎవరెవరి ధాన్యం ఆరుతోందో చూడాలన్నదే నా అసలు ఉద్దేశం.

ధాన్యం ఆరబోసిన చోట రోడ్డు సగమే మిగులుతుంది. బండ్లు ధాన్యం మీదికి రాకుండా దాని అంచున రాళ్ళు పేరుస్తారు. మిగిలిన సగంలో ఎదురెదురుగా రెండు బండ్లు పట్టవు. ఎవరు ముందు ఆ ఇరుకులోకి వస్తే వాళ్ళకి దారి, రెండోవాళ్ళు ఆగాలి. ఇది ఏ బోర్డు మీదా రాసి ఉండదు గానీ, మా వైపు లారీ డ్రైవరు కూడా పాటిస్తాడు.

ఆ రోజు ఇరుకులోకి ముందు వచ్చింది ఎదురుగా వస్తున్న ఒక మోపెడ్. వెనక ఐసు పెట్టె కట్టుకుని, తలకి తువ్వాలు చుట్టుకున్న ఒకావిడ నడుపుతోంది. నాకు ఇవన్నీ తరవాత తెలిశాయి. ఆ క్షణాన నేను అద్దం దించి గింజ చూస్తున్నాను. రంగు మంచిగా ఉంది, తేమ ఇంకా పోలేదు అనుకున్నట్టు గుర్తు. "ఏమండీ" అని మా ఆవిడ కేక, ఒక చప్పుడు. బ్రేకు తొక్కేసరికి మోపెడ్ రాళ్ళ మీద పడి ఉంది.

ఐసు పెట్టె మూత ఊడి, కానగంత చేపలు ధాన్యం మీదంతా చెదిరిపోయాయి. పచ్చటి గింజల మీద వెండిలా మెరుస్తున్నాయి. ఆవిడ మోకాలి కింద కాలు ఉండాల్సిన తీరులో లేదు. అయినా నోట్లోంచి వచ్చిన మొదటి మాట, "నా చేపలండి."

నేను స్టీరింగు పట్టుకుని కూర్చుండిపోయాను. చేలలోంచి మనుషులు పరుగున వస్తున్నారు. కొడతారేమో అన్న భయమే తప్ప, దిగాలన్న ఆలోచన నాకు రాలేదు. మా ఆవిడ అప్పటికే దిగింది. పుట్టి బుద్ధెరిగాక చేపని ముట్టని మనిషి, పట్టుచీర కొంగు నడుముకి దోపుకుని, ఒక్కొక్క చేపా ఏరి పెట్టెలో వేసింది. వేస్తూనే కింద పడ్డావిడతో, "ఎక్కడికీ పోవమ్మా, ఒక్కటీ పోదు. నువ్వు కదలకు" అంటోంది. ఆ తరవాత నా వైపు తిరిగి మామూలు గొంతుతో, "దిగండి. ఆవిడ్ని ఎక్కించాలి" అంది.

ధాన్యం తాలూకు రైతు, పెద్దాయన, తన బరకం పట్టా తెచ్చి దాని మీద ఆవిడని పడుకోబెట్టి మాతోపాటు మోశాడు. నన్ను ఎవరూ కొట్టలేదు. చేపల వాసనతో దగ్గర్లోని ప్రభుత్వాసుపత్రికి వెళ్ళాం.

ప్రమాదం కేసు కాబట్టి ఆసుపత్రివాళ్ళు పోలీసులకి కబురు పెట్టారు. నేను వరండాలోకి వచ్చి మా బావమరిదికి ఫోన్ చేశాను. అతను రాజమండ్రిలో వకీలు.

"బావా, మనిషి ప్రాణానికి ఏం లేదు కదా? సరే, విను. హాస్పిటల్‌కి తీసుకెళ్ళావు, అది మంచిపనే, చట్టప్రకారం చెయ్యాల్సిందీ అదే. ఇన్సూరెన్సు కంపెనీకి ఇప్పుడే ఫోన్ చేసి చెప్పు. లైసెన్సు, పాలసీ దగ్గర పెట్టుకో. తప్పు నాదని మాత్రం ఎవరితోనూ అనకు. కంపెనీని అడక్కుండా ఒప్పేసుకుంటే రేపు వాళ్ళు పేచీ పెడతారు."

"మరి ఎలా జరిగిందని అడిగితే?"

"రోడ్డు మీద ధాన్యం ఉందన్నావుగా. చక్రం జారిందని చెప్పు. రోడ్డు మీద ఆరబోయడం వాళ్ళ తప్పే కదా."

స్టేషను నుంచి వచ్చిన హెడ్ కానిస్టేబుల్ అడిగితే నేను అదే చెప్పాను. ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ మాట, నాకే ఆశ్చర్యం వేసింది. మా ఆవిడ పక్కనే ఉంది. చేతులు ఎంత కడిగినా నీచు వాసన పోవడం లేదని మాత్రం అంది.

చేపలావిడ కాలికి ఆపరేషన్ చేసి రాడ్డు వేశారు. మా ఆవిడ రోజూ క్యారేజీ కట్టి తీసుకెళ్ళేది. ఇది తెలిసి బావమరిది ఫోన్‌లో గోల పెట్టాడు.

"అక్కా, ఆ క్యారేజీ ఆపు. తప్పు లేనివాళ్ళు అన్నం ఎందుకు మోశారని అవతలి వకీలు అడుగుతాడు."

"ఆకలేస్తుందని మోశానని చెప్పు. ఆ మాత్రం చెప్పలేనివాడివి ఫీజు ఎందుకు తీసుకుంటావు?"

"నేను మీ దగ్గర ఫీజు ఎప్పుడు తీసుకున్నాను?"

"అందుకే ఇలాంటి సలహాలు ఇస్తున్నావు" అని ఫోన్ పెట్టేసింది.

నేను కారులో దింపేవాణ్ణి. మొదట్లో వార్డు గుమ్మం దగ్గరే నిలబడేవాణ్ణి. ఆవిడే పిలిచింది. "లోపలికి రండి బాబుగారూ. కాలే కదండి విరిగింది, కరుస్తానా?" భర్త సముద్రం మీద వేటకి వెళ్ళి చనిపోతే, ఆయన మోపెడ్‌ని తనే నేర్చుకుని ఊరూరా చేపలమ్మి ఇద్దరాడపిల్లల్ని చదివిస్తోంది. క్యారేజీ మూత తీసి ప్రతిరోజూ ఒకే మాట అనేది. "ఇయ్యాల కూడా పప్పేనా అమ్మగారూ? ఎముక ఎలా అతుక్కుంటదండి?"

"నీ ఎముక కోసం నేను చేపల పులుసు నేర్చుకోలేను గానీ, ముందు తిను."

"నేర్పుతానుండండి. నేను లేచేక."

బావమరిది అడగమన్నాడని ఒకరోజు, ఎంతో మామూలుగా అడుగుతున్నట్టు, బండికి లైసెన్సు ఉందా అన్నాను. ఆవిడ దిండు కింద నుంచి ప్లాస్టిక్ కవరు తీసి కార్డు చూపించింది. "లేకపోతే ఎలాగండి? రెండుసార్లు టెస్టు తప్పి మూడోసారి ఎనిమిది వేశానండి. కాలు కింద పెట్టకుండా." మా ఆవిడ నా వైపు ఒక చూపు చూసింది. నేను కార్డు చాలా జాగ్రత్తగా తిరిగి ఇచ్చాను.

ఆ మర్నాడో, ఆ తరవాతో, ఆవిడ తింటూ తింటూ అడిగింది.

"మీ కారు జారిందంటండి?"

నేను మంచినీళ్ళ గ్లాసు ఆవిడ వైపు జరిపాను.

"ఇన్సూరెన్సు తాలూకు బాబొచ్చి అడిగేడండి. కారు దానంతటది జారితే డ్రైవరుగారి తప్పు లేదన్నట్టంట, నాకు నష్టపరిహారం రావడం కష్టమంట. నాకు మరి జారినట్టు అగుపించలేదండి. తిన్నగానే వచ్చేరు. మీ మొహం మాత్రం ఇటు లేదు." ఆ మాటలో నిష్ఠూరం లేదు. చూసిన సంగతి చెబుతోంది, అంతే. తరవాత, "రాడ్డు తీసేదాకా మోపెడ్ తొక్కకూడదన్నారండి డాక్టరుగారు. తీసేక కూడా చెప్పలేం అన్నారు" అని అన్నం కలుపుకుంది.

ఇంటికొచ్చేదాకా మా ఆవిడ కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చుంది. నాకు తెలుసు, నేను అప్పుడే స్టేషనుకి వెళ్ళాల్సింది. వెళ్ళలేదు. బావమరిది చెప్పాడు కదా, చదువుకున్నవాడు కదా అని నాకు నేను నచ్చజెప్పుకున్నాను. అతను చెప్పింది అతనికి తెలిసినంతలో. నేను ధాన్యం చూస్తున్న సంగతి నేను అతనికే చెప్పలేదు.

ఆ వారంలోనే మా కొట్టుకి ధాన్యం తాలూకు పెద్దాయన వచ్చాడు. కౌలు రైతు. తలపాగా తీసి చేత్తో పట్టుకుని నిలబడ్డాడు.

"స్టేషనుకి రమ్మని కబురొచ్చిందండి, షావుకారుగారూ. రోడ్డు మీద ధాన్యం పోసినందుకు నా మీద కూడా కేసు రాస్తారంటండి."

నేను కుర్చీ చూపించాను. కూర్చోలేదు.

"రోడ్డు మీద పోయడం తప్పేనండి, కాదన్ను. మీ దగ్గిరికి శాంపిలు తెస్తే తేమ ఎక్కువుంది, ఆరబెట్టి తెమ్మన్నారు కదండి. ఆరబోసుకోడానికి మాకు కళ్ళం ఎక్కడిదండి? సరేలెండి, అది కాదు నేనొచ్చింది. అక్కడికెళ్ళి నేనేం చెప్పాలండి? నా నోట్లోంచి ఏదైనా తప్పు మాటొస్తే మీకు ఇబ్బందవుద్దేమోనని అడగొచ్చేను."

ఆయన నన్ను నిలదీయడానికి వచ్చి ఉంటే ఏదో ఒక జవాబు చెప్పి ఉండేవాణ్ణి. చెప్పడం నాకు బాగా వచ్చు. నన్ను కాపాడటానికి వచ్చాడు. ఆ శాంపిలు నేనే నోట్లో వేసుకుని కొరికి చూసి తిప్పి పంపానన్నది నాకు అప్పటిదాకా గుర్తే లేదు. ఆ రోడ్డు మీద నేను మెడ తిప్పి మరీ చూసింది నేను వద్దన్న ధాన్యాన్నే.

"మీరేం చెప్పక్కర్లేదండి. నేను వస్తాను" అన్నాను.

ఇంటికి ఫోన్ చేసి స్టేషనుకి వెళుతున్నానని చెబితే, మా ఆవిడ ఎందుకని అడగలేదు. "కార్లో వెళ్ళకండి, ఇవాళ మీ ధ్యాస రోడ్డు మీద ఉండదు. ఆటోలో వెళ్ళండి" అంది.

హెడ్ కానిస్టేబుల్ నా మాటలు విని కలం కింద పెట్టాడు. "ఏంటండీ ఇది? అందరూ చెప్పింది తగ్గించుకోడానికి వస్తారు. మీరు పెంచుకోడానికి వచ్చేరు."

"చక్రం జారలేదండి. ఆవిడ ముందు ఇరుకులోకి వచ్చింది. నేను ధాన్యం చూస్తూ ఆగలేదు."

"ధాన్యమా? ఫోన్ కాదా?"

"ధాన్యమేనండి."

ఆయన కాసేపు నా మొహంలోకి చూసి, "మండపేట ధాన్యం షావుకార్లా?" అన్నాడు. అవునన్నాను. అర్థమైనట్టు తల ఊపి కొత్త కాగితం తీసుకున్నాడు. రైతు గుమ్మం దగ్గర అంతా విన్నాడు. ఇంకెప్పుడూ రోడ్డు మీద ఆరబోయొద్దని చెప్పి ఆయన్ని పంపేశారు. నిర్లక్ష్యంగా నడిపి గాయపరిచినట్టు కేసు నా మీద నడిచింది. స్టేషన్లోనే బెయిలు ఇచ్చారు. కారుని బ్రేకు ఇన్‌స్పెక్టరు చూసి టైర్లు బాగానే ఉన్నాయని రాశాడు.

బావమరిదికి రాత్రి చెప్పాను.

"నువ్వు గింజ చూస్తున్నావని నాకెందుకు చెప్పలేదు బావా?"

"సిగ్గేసింది."

"వకీలు దగ్గరా? ఏం జరిగిందో పోలీసులకి ఉన్నదున్నట్టు చెప్పడం తప్పు కాదు. ఇంత ఇస్తానని నీ అంతట నువ్వు మాటిస్తేనే కంపెనీతో గొడవ. అలాంటిదేం అనలేదు కదా? సరే, కంపెనీకి ముందు జారిందని చెప్పావు కదా, అది కూడా సరిచేస్తూ రాసి పంపు." చివర్లో, "అక్క ఏమంది?" అన్నాడు.

"ఆటోలో వెళ్ళమంది."

నవ్వాడు. మా మామగారి నవ్వే అది.

చేపలావిడకి మాత్రం నేను చెప్పలేకపోయాను. మా ఆవిడ చెప్పింది. మర్నాడు క్యారేజీ మూత తీసి, పప్పు చూసి, ఆవిడ ఏమీ అనకుండా తిన్నది. చివర్లో, "మజ్జిగుందా వదినగారూ?" అంది. అప్పటిదాకా అమ్మగారే. మా ఆవిడ కూడా ఏమీ గమనించనట్టే మజ్జిగ పోసింది.

ఆ తరవాతి పంట, సార్వా కోతలప్పుడు, చేపలావిడ వేసిన నష్టపరిహారం కేసులో లోక్ అదాలత్‌కి రమ్మని కబురొచ్చింది. ఆవిడ పిటిషనరు, నేను, ఇన్సూరెన్సు కంపెనీ ప్రతివాదులం. చంకకర్రతో బస్సెక్కలేదని మేమే ఆవిడని కారులో తీసుకెళ్ళాం. కోర్టు ఆవరణలో ముగ్గురం ఒకే కారులోంచి దిగడం చూసి, ఆవిడ తరఫు వకీలు ఫైలు చంకలో పెట్టుకుని పరుగున వచ్చాడు.

"ఏమ్మా, వీళ్ళెవరు?"

"నేను కేసేసినోళ్ళేనండి" అంది ఆవిడ.

"కేసేసినవాళ్ళ కారులో వచ్చేవా?"

"ఆటోలోనైతే నడుమంతా కుదుపండి."

మా తరఫున వచ్చిన బావమరిది తల పట్టుకుని మెట్ల మీద కూర్చున్నాడు. లోపల పెద్దగా వాదన జరగలేదు. నా వాంగ్మూలం ఉంది, బ్రేకు ఇన్‌స్పెక్టరు రాసింది ఉంది. కంపెనీవాళ్ళు రాజీకి వచ్చారు. అంతకుముందు ఎలా జరిగిందని నన్ను అడిగారు. చెప్పాను. ఆవిడ సంతకం పెట్టి బయటికి వచ్చి, "ఇంకిప్పుడు మీరు నా ప్రతివాది కాదా అన్నయ్యగారూ?" అని అడిగింది. కాదన్నాను. "అయితే నా కొత్త బండి కొనేప్పుడు మీరు రావాలండి. కిక్కు కొట్టక్కర్లేని స్కూటీ. డాక్టరుగారు అదైతే పర్లేదన్నారు."

వచ్చేటప్పుడు కాలవ గట్టు రోడ్డు మీద మళ్ళీ ధాన్యం. నేను కారు నెమ్మది చేశాను. ఎదురుగా ఎవరూ లేరు. అయినా ఇరుకు మొదట్లో ఆపి, ఒకసారి చూసుకుని కదిలించాను. మెడ నరం ఒకటి పక్కకి లాగుతూనే ఉంది. ఇంత జరిగినా అది పోలేదు, పోతుందని కూడా నేను అనుకోను.

"రంగు ఎలా ఉంది?" అని అడిగాను, రోడ్డు మీద నుంచి చూపు తిప్పకుండా.

మా ఆవిడ కిటికీలోంచి చూసింది. "పచ్చగా ఉంది."

"తాలు?"

"నాకేం తెలుసు తాలు?"

వెనక సీట్లోంచి ఆవిడ ముందుకు వంగింది. "తాలు తక్కువేనండి అన్నయ్యగారూ, నేను చూస్తున్నాను. మీరు రోడ్డు చూడండి."