నీళ్ల తుపాకుల తరఫున

మాది కడప జిల్లా. దోహాకు వచ్చాక పదిహేనేళ్లు ఒకే ఇంట్లో వంట చేశాను. ఆ ఇంటి పిల్లలంతా నా చేతుల్లోనే పెరిగారు. వాళ్లు పెద్దవాళ్లయ్యాక ఇంటావిడ తన పేరున లైసెన్సు తీసి, అల్ వుకైర్‌లో నాచేత బొమ్మల అంగడి పెట్టించింది. సరుకు తేవడం, అమ్మడం అంతా నేనే. నా భర్త అల్ సద్‌లో ఒక ఇంట్లో డ్రైవరు. శుక్రవారం మాత్రం వస్తాడు.

పోయిన రంజాన్‌కు ముందు, మా అంగళ్లున్న భవనం మేనేజరు కాగితం పట్టుకొచ్చాడు. కేరళ ఆయన, నన్ను అక్కా అన్నట్టు 'చేచీ' అంటాడు. కాగితం అరబ్బీలో ఉంది. ఆయనే చదివి చెప్పాడు. పిల్లల బొమ్మ తుపాకులు, ఏ రకమైనా సరే, ఈ భవనంలో ఇక అమ్మకూడదట. బొమ్మ తుపాకి గుండు తగిలి ఒక పాప కంటికి గాయమైందట.

"ఇంకా ఖాయం కాలేదు చేచీ. ఆదివారం మీటింగ్ ఉంది. చెప్పేదుంటే అక్కడ చెప్పు."

నాకు ఒళ్లు మండింది. పండుగకు పిల్లలు ముందు పరిగెత్తేదే తుపాకుల వైపు. నీళ్లు చిమ్మేవి, సబ్బు బుడగలు ఊదేవి, స్పాంజి ముక్కలు వదిలేవి, ప్లాస్టిక్ గుండ్లు పేల్చేవి. అవి తీసేస్తే నా అంగడిలో ఒక గోడ ఖాళీ.

శుక్రవారం నా భర్తకు చెప్తే భయపడ్డాడు. "మనం పరాయి దేశంలో ఉండాం. నువ్వు పోయి వాళ్లకు ఎదురు చెప్తావా? గమ్మునుండు."

"ఎదురు చెప్పేది కాదు, నా మాట చెప్పేది. అడిగింది వాళ్లే కదా?" అన్నాను.

వీటివల్ల ఏమీ కాదని మీటింగ్‌లో ధైర్యంగా చెప్పాలనుకున్నాను. చెప్పే ముందు నేనే చూసుకోవాలనిపించింది. ఆ సాయంత్రమే నా భర్తను వెంటబెట్టుకుని పోయి, అంగడి వెనక గదిలో అట్టపెట్టె మీద పండిన టమాటాలు పెట్టి, నాలుగడుగుల దూరం నుంచి ఒక్కొక్కటే పేల్చాను. నీళ్ల తుపాకికి, బుడగల తుపాకికి టమాటా తడిసింది, అంతే. స్పాంజి ముక్క తగిలి పక్కకు ఎగిరిపోయింది. గుండ్ల తుపాకి పేల్చేసరికి తొక్క చీలి గుండు లోపలికి దిగబడింది.

నా భర్త టమాటాను చేతిలోకి తీసుకున్నాడు. "ఇవి శానా అమ్మినావా?" అని అడిగాడు. రంగు కాగితం చుట్టి, రిబ్బన్ కట్టి మరీ ఇచ్చాను ఎందరికో. అప్పటికప్పుడు గుండ్ల తుపాకులన్నిటినీ అరల్లోంచి దించి పెట్టెలో వేశాను.

ఆదివారం మీటింగ్‌కు ఏడెనిమిది మంది అంగడివాళ్లు వచ్చారు. ముందు కుర్చీలో ఒక సూడాన్ ఆవిడ, పక్కన ఆరేళ్ల పాప. పాప కుడికంటి మీద గుడ్డ అతికించి ఉంది. చూడగానే గుర్తుపట్టాను. పాప అన్న పుట్టినరోజని తల్లి ఇద్దరినీ వెంటబెట్టుకుని నా దగ్గరికే వచ్చింది. ఆ అబ్బాయి కావాలన్నది గుండ్ల తుపాకి.

మేనేజరు నా పేరు పిలిస్తే లేచాను. నేర్చుకుపోయిన మాటలు ఒక్కటీ రాలేదు. వంటింట్లో నేర్చిన అరబ్బీలోనే అడిగాను. "అమ్మా, పాప కన్ను ఎట్లా ఉంది?"

"చూపు పోలేదు, దేవుడి దయ. మానుతోంది," అందావిడ.

"ఆ తుపాకి నా అంగడిలోదే. నన్ను మన్నించు. అవి తీసేశాను, ఇక అమ్మను. కానీ అన్నిటినీ వద్దనకండి. నీళ్లవి, బుడగలవి, స్పాంజివి నా చేత్తో పేల్చి చూశాను. ఈ ఎండల్లో పిల్లలకు నీళ్ల ఆట కూడా లేకుండా చేస్తే ఎట్లా?"

వెనక నుంచి ఒకాయన, "తప్పు ఒప్పుకుంటే మనందరి మీదికీ వస్తుంది," అని గొణిగాడు.

పాప తల్లి నా వైపు తిరిగింది. కోపం పోలేదు ఆమె ముఖంలో. "గుండ్లవి ఎవ్వరూ అమ్మకూడదు. ఎవ్వరూ. మిగతావి నాకు పట్టవు," అంది. తర్వాత మేనేజరు వైపు తిరిగి, "బుడగలు ఉండనివ్వండి. ఈ పిల్ల వాటి కోసం ఏడుస్తుంది," అంది.

మేనేజరు అక్కడే కూర్చుని కాగితం మార్చి రాశాడు. గుండ్లు పేల్చేవి నిషేధం, మిగతావి పరవాలేదు. గొణిగినాయన కూడా సంతకం పెట్టాడు.

పండుగ తర్వాత ఒక సాయంత్రం ఆ తల్లీకూతుళ్లు అంగడికి వచ్చారు. పాప కంటికి గుడ్డ లేదు. రెప్ప మీద సన్నని మచ్చ మాత్రం ఉంది. అరలన్నీ తిరిగి తిరిగి, చివరికి ఎగిరి ఆడుకునే తాడు తెచ్చి నా బల్ల మీద పెట్టింది.

"లోపల ఎగరకూడదు తల్లీ, బయట," అన్నాను.

వాళ్లమ్మ నవ్వింది. నేను టీ పెట్టాను. ఆమె కూర్చుంది.